పెరట్లో చిత్తడి తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక ఓ మూల ఎప్పుడూ తడిగా ఉందంటే మనవాళ్లు మొదట చేసే పని ట్రాక్టర్ మొరం పోయించి ఎత్తు చేయడం. ఆ మూలని అలాగే ఉంచి, అక్కడ బతికే మొక్కలే వేద్దామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంగ్లండ్ తోటల వీడియోలు చూసి మొదలుపెట్టి మే నెల ఎండకి చేతులెత్తేసిన వాళ్లు కూడా చదవొచ్చు. ఇక్కడ రాసిందంతా మన ఎండల్ని, మన బోరు నీళ్లని, మన ఊళ్లలో దొరికే మొక్కల్ని దృష్టిలో పెట్టుకుని రాసిందే.

చిత్తడి తోట అంటే చిన్న చెరువులాంటిదేనా?

కాదు. చెరువులోనో తామర తొట్టిలోనో నీళ్లు పైకి కనిపిస్తాయి. ఇక్కడ పైన కనిపించేది మట్టి మాత్రమే, నీళ్లన్నీ ఆ మట్టి లోపల ఉంటాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అందులోకి నీరు మెల్లగా ఊరాలి, పిడికెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి చుక్కలు కారాలి. కోతకి ముందు నీళ్లు తీసేసిన వరిమడి చూసిన వాళ్లకి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

ఇంగ్లిష్ పుస్తకాల్లో కనిపించే పీట్ నేలలు చల్లటి దేశాలవి. నాచు కుళ్లకుండా ఏడాదికి ఓ మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ వేల ఏళ్లకి అలా తయారయ్యాయి. మనకి అది లేదు, అవసరమూ లేదు. కొల్లేరు అంచుల్లోనో గోదావరి కాలవ గట్టు కిందో పెరిగేవి మన పెరట్లోనూ పెరుగుతాయి.

మా స్థలంలో నీళ్లు ఎలాగూ నిలుస్తాయి. తవ్వకుండా మొక్కలు పెట్టేయొచ్చా?

ముందు ఆ నీళ్లు ఎక్కడివో చూసుకోండి. వాన నీరో, కుళాయి దగ్గర కారిన నీరో, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగిన నీరో అయితే పర్లేదు. సెప్టిక్ ట్యాంకు ఊటో, డ్రైనేజీ పైపు లీకో అయితే ముందు అది బాగుచేయించాలి, దాని మీద తోట వేసి దాచకూడదు.

తర్వాత చిన్న పరీక్ష. అడుగున్నర లోతు గుంట తీసి నీళ్లు నింపి మర్నాడు అదే టైముకి చూడండి. సగం పైన నీళ్లు మిగిలి ఉంటే, నల్లరేగడి నేలల్లో తరచూ అలాగే ఉంటుంది, షీటు లేకుండానే పని జరగొచ్చు. కానీ రేగడికి ఒక గుణం ఉంది: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత నెర్రె విచ్చుతుంది. ఆ నెర్రెలోంచి నీళ్లన్నీ పోతాయి కాబట్టి ఒక్క వేసవి కూడా ఎండనివ్వకుండా చూసుకోగలిగితేనే షీటు మానేయండి. ఎర్రమట్టి, ఇసుక నేలలైతే ఆలోచించేదేం లేదు, షీటు వేయాల్సిందే.

దోమలు? అసలు డెంగీ టెన్షన్‌తో చస్తుంటే ఇదొకటా?

ఇది అడగని వాళ్లు లేరు. డెంగీ దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వేడి రోజుల్లో వారం పది రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ దాని పిల్ల ఈదడానికి నిలవ నీళ్లు ఉండాలి. తడి మట్టిలో అది ఈదలేదు. అందుకే నీటి మట్టం ఎప్పుడూ మట్టికి అంగుళం రెండంగుళాలు కిందే ఉంచాలి. పైన మడుగు కట్టిందంటే నీళ్లు ఎక్కువ పోశారని, లేదా మట్టి కుంగి పల్లం పడిందని. పిడికెడు మట్టి వేసి చదును చేస్తే చాలు.

అసలు ప్రమాదం తోటలో కాదు, దాని చుట్టుపక్కల ఉంటుంది. నీళ్లు పోయడానికి పెట్టిన పైపు మూతి తెరిచి ఉండటం, పక్కన మర్చిపోయిన బకెట్టు, పగిలిన కుండీ పెంకు, ఇవే దోమల పుట్టిళ్లు. పైపు మూతికి దోమతెర ముక్క కట్టి రబ్బరు బ్యాండు వేయండి. మున్సిపాలిటీ వాళ్లు చెప్పే ఫ్రైడే డ్రైడే రోజున ఓ చుట్టు చుట్టి రండి. పక్కనే తామర తొట్టి కూడా ఉంటే అందులో గంబూసియా చేపలో గప్పీలో నాలుగు వేయండి. చేపలు వద్దనుకుంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు దొరుకుతుంది, అది దోమ పిల్లల్ని చంపుతుంది, మొక్కలకి ఏమీ కాదు.

పాములు వస్తాయంటున్నారు మా అత్తగారు.

మీ అత్తగారు చెప్పింది ఊరికే కొట్టిపారేసేది కాదు. తడి ఉంటే కప్పలొస్తాయి, కప్పలుంటే నీరుకట్టె పాము రావచ్చు. దానికి విషం లేదు, కానీ చీకట్లో చూసిన వాళ్లకి ఆ సంగతి గుర్తుండదు కదా. నాగుపాము ఎక్కువగా ఎలుకల వెంట వస్తుంది, దానికి దాక్కునే చోటు కావాలి: ఇటుకల గుట్ట, కొబ్బరి మట్టల కుప్ప, రాళ్ల సందు, మోకాలెత్తు గడ్డి.

కాబట్టి తోట చుట్టూ, అంచున వేసే మొక్కలు దాటాక, మూడడుగుల మేర నేల శుభ్రంగా, కనిపించేలా ఉంచండి. అందం కోసం అంచున రాళ్లు పేరిస్తే సందులు సిమెంటుతో మూసేయండి. పడకగది కిటికీ కింద, పిల్లలు పరిగెత్తే దారిలో వద్దు. రాత్రిపూట టార్చి లేకుండా అటు వెళ్లొద్దు. ఇల్లు ఊరి చివర పొలాల్లో ఉండి, కట్లపాము, రక్తపింజరి తిరిగే చోటైతే నేల మీద తోట మానేసి ఎత్తు తొట్టిలో పెట్టుకోండి, అదే మంచిది.

ఎక్కడ పెట్టాలి? వాస్తు ప్రకారం ఏ మూల?

వాస్తు చూసేవాళ్లు నీరు ఈశాన్యంలో ఉండాలంటారు. తమాషా ఏంటంటే మొక్కల లెక్క ప్రకారం చూసినా అదే సరిపోతుంది. ఈశాన్యంలో పొద్దుటి ఎండ బాగా పడుతుంది, మధ్యాహ్నం రెండు దాటాక ఇల్లే నీడ ఇస్తుంది. నైరుతిలో పెడితే మూడింటి ఎండ నేరుగా కొడుతుంది, మేలో చేమాకులు పొద్దు గుంకేసరికి వాలిపోతాయి. వాస్తు నమ్మినా నమ్మకపోయినా ఈశాన్యమే నా సలహా.

దిక్కుకన్నా ముఖ్యమైంది గోడ. పునాదికి కనీసం నాలుగైదు అడుగుల దూరం ఉండాలి, ప్రహరీకి కూడా ఆనించొద్దు. వేప, మామిడి లాంటి పెద్ద చెట్ల కింద వద్దు. వాటి వేళ్లు షీటుని చీల్చుకుని వచ్చి నీళ్లన్నీ తాగేస్తాయి.

గుంట ఎంత? షీటు ఏది కొనాలి?

మొదటిసారి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు సరిపోతుంది. మరీ చిన్నదైతే త్వరగా ఆరిపోతుంది. అడుగు లోతుకు తగ్గించొద్దు.

షీటు కోసం వ్యవసాయ సామాన్లు అమ్మే షాపులో నీటికుంటలకి వేసే 500 మైక్రాన్ల షీటు అడగండి. లారీల మీద కప్పే పల్చటి పట్టా ఒకటి రెండేళ్లలో పొడిపొడి అవుతుంది. కొలత ఇలా వేసుకోండి: పొడవుకి రెండు లోతులు కలిపి, అంచులకి ఇంకో అడుగు. మన గుంటకైతే పొడవు ఆరు, మూడు, ఒకటి కలిపి పదడుగులు. వెడల్పు నాలుగు, మూడు, ఒకటి కలిపి ఎనిమిదడుగులు. షాపువాడు పన్నెండు తీసుకోమంటాడు, అక్కర్లేదు.

తవ్వాక అడుగున మొనదేలిన రాళ్లు, వేళ్ల మోడులు ఏరేసి, రెండంగుళాల ఇసుకో పాత గోనె సంచులో పరిచి షీటు వేయండి. షీటు అంచు నేలకి రెండంగుళాలు కింద ఆగేలా కత్తిరించి మట్టి కప్పేయాలి. అంచు బయటికి కనిపిస్తే చూడటానికి బాగోదు, పైగా ఎండకి అక్కడే ముందు చిట్లుతుంది.

కొత్త షీటుకి చిల్లులు పెట్టమంటున్నారు. ఇదెక్కడి లెక్క?

అందరూ ఆగిపోయేది ఇక్కడే. తామర చెరువుకి షీటు నీళ్లు అస్సలు పోనివ్వకూడదు, చిత్తడి తోటకి మాత్రం చాలా నెమ్మదిగా పోనివ్వాలి. అస్సలు పోకపోతే అడుగున నీళ్లు కుళ్లి వేళ్లు చస్తాయి, పైగా బోరు నీళ్లలోని ఉప్పంతా అక్కడే పేరుకుంటుంది. అడుగున మూడడుగులకొకటి చొప్పున మేకుతో పొడవండి, చాలు. పక్క గోడలకి, పైనుంచి నాలుగంగుళాల కింద, చుట్టూ అరడజను చిల్లులు పెట్టండి. అల్పపీడనం పట్టి రెండు రోజులు వాన దంచితే ఎక్కువైన నీరు వాటిలోంచి పోతుంది. రేగడి నేలైతే అడుగు చిల్లులు మానేసి పక్కవి మాత్రం ఉంచండి.

చిల్లులున్న షీటు మీద మూడంగుళాల మందం 20 ఎంఎం కంకర, దాని మీద నీటి పైపు. అంగుళం పీవీసీ పైపుకి జానెడుకి రెండు చొప్పున సన్న చిల్లులు డ్రిల్ చేసి కంకరలో పడుకోబెట్టాలి, చివర మూత బిగించాలి, రెండో చివర ఎల్బో వేసి మట్టికి అరడుగు పైకి నిలబెట్టాలి. నీళ్లు ఎప్పుడూ ఇందులోంచే పోస్తారు. కింద నుంచి ఊరుతుంది కాబట్టి పైమట్టి కొట్టుకుపోదు. ఇంకో ఉపయోగం కూడా ఉంది: ఆ నిలువు పైపులోకి పొడవాటి వెదురు పుల్ల దించి తీస్తే లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తెలుస్తుంది, బావిలోకి తొంగి చూసినట్టే. కంకర మీద పాత షేడ్‌నెట్ ముక్క పరిస్తే మట్టి జారి పైపు చిల్లులు మూసుకుపోవు.

మట్టి ఏం వేయాలి? కోకోపీట్ సరిపోతుందా?

రెండు పాళ్లు చెరువు మట్టి లేదా తవ్వి తీసిన మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు. చెరువు పూడిక మట్టి దొరికితే అంతకన్నా మంచిది లేదు, తెలంగాణలో మిషన్ కాకతీయ రోజుల్లో రైతులు ట్రాక్టర్లతో పొలాలకి తోలుకున్నది అదే మట్టి. నగరాల్లో ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుల మట్టి మాత్రం వద్దు.

కోకోపీట్ కలపొచ్చు, ఉత్తదే నింపొద్దు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే వాడండి. పచ్చి పేడ, కోళ్ల ఎరువు అసలే వద్దు. నింపాక నీళ్లు పెట్టి వారం వదిలేయండి, రెండంగుళాలు కుంగుతుంది, అప్పుడు పైన ఇంకాస్త వేసి మొక్కలు నాటండి. తడిసిన మట్టిని కాళ్లతో తొక్కితే గట్టిపడి గాలి ఆడదు. లోపల పని ఉంటే ఓ చెక్క అడ్డం వేసుకుని దాని మీద కూర్చోండి.

ఏ నీళ్లు పోయాలి?

వాన నీళ్లకి మించింది లేదు. బోరు నీళ్లు ఫర్వాలేదు, మరీ ఉప్పగా లేకపోతే. తాగునీటికి టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 2000 వరకు ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. మెట్టతామర, జమ్ము, గొడుగు గడ్డి లాంటివి వెయ్యి ఉన్నా తట్టుకుంటాయి. మట్టి పైన తెల్లటి పొర కట్టడం మొదలైందంటే ఉప్పు పేరుకుంటోందని, వానాకాలంలో బాగా తడిసి అడుక్కి కడుక్కుపోనివ్వండి.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు నిశ్చింతగా పోయొచ్చు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, మామూలు నీళ్లతో సగం సగం కలిపి మెట్టతామరలకి పోయండి. వాషింగ్ మెషిన్ నీళ్లు, గిన్నెల సబ్బు నీళ్లు పూల మొక్కలకి అప్పుడప్పుడు అంటే సరే, కూరాకులున్న చోట మాత్రం వద్దు. మొక్కలతో మురుగుని శుభ్రం చేయడం నిజమే, హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో తేలే తెప్పల మీద ఇలాంటి మొక్కలే పెంచారు, కానీ అక్కడ పెరిగింది ఎవరూ కూర వండుకోరు.

ఏసీ నీళ్లు దాదాపు ఉప్పు లేని నీళ్లు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో గంటకి లీటరు పైనే వస్తాయి. వాటిని పారబోయొద్దు, కింద పురుగులు తినే మొక్కల సంగతి వచ్చినప్పుడు పనికొస్తాయి.

ఎండాకాలంలో నీళ్లు ఎంత తాగుతుంది? ట్యాంకర్ తెప్పించుకునే వాళ్లం మేము.

తెలంగాణ, రాయలసీమల్లో మే ఎండకి తడి నేల నుంచి రోజుకి సుమారు సెంటీమీటరు మందం నీరు ఆవిరైపోతుంది. మన ఆరు నాలుగుల గుంటకి అది ఇరవై రెండు లీటర్ల దాకా, అంటే పెద్ద బకెట్టు ఒకటి, గాలి బాగా కొట్టిన రోజు ఒకటిన్నర. వంటింట్లో కడిగిన నీళ్లతోనే చాలామందికి సరిపోతుంది. ట్యాంకర్ కొనే ఇంట్లో అంతకన్నా పెద్దది తవ్వొద్దు. రోహిణి కార్తెలో పైన షేడ్‌నెట్ కట్టి, మొక్కల మొదళ్లలో ఎండాకులు రెండంగుళాలు పరిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.

ఏం మొక్కలు వేయాలి?

ఎత్తుగా వెనక నిలబడేందుకు మెట్టతామర, గొడుగు గడ్డి, చేమ. మెట్టతామర ఎర్రదీ పసుపుదీ దాదాపు ఏడాది పొడుగునా పూస్తుంది, చంపుదామన్నా చావదు. చేమ ఆకు వెడల్పు, తోటకి అసలు అందం అదే, కానీ దురద సంగతి గుర్తుంచుకోండి, కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, వండితే చింతపండు పులుసు తప్పదు. నీడ పడే మూలకి హెలికోనియా. సాయంత్రం వాసన కావాలంటే దోలన చంపా అని అమ్మే తెల్ల పూల మొక్క, అల్లం జాతి, తడి అంటే ప్రాణం.

మధ్యలో స్పైడర్ లిల్లీ, వస. వస ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది, చూడటానికి మాత్రం గడ్డిలా ఉంటుంది. పసిపిల్లల నాలుకకి దాని కొమ్ము అరగదీసి రాయడం పాత అలవాటు, పెరట్లో ఉంది కదా అని అది మాత్రం చేయొద్దు, పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు.

ముందు అంచున నేల మీద పాకేవి: సరస్వతి ఆకు, నీటి బ్రాహ్మి. నర్సరీల్లో రెంటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు, ఆకు చూసి తీసుకోండి. గుండ్రంగా అంచు రంపంలా ఉంటే సరస్వతి ఆకు, చిన్నగా దళసరిగా చెంచాలా ఉంటే రెండోది. గుంటగలగర నాటక్కర్లేదు, తడి తెలిస్తే అదే వస్తుంది.

గుంట బయట, అంచుకి అడుగు దూరంలో అరటి, వట్టివేరు. ఆ ఊట తేమ వాటికి చాలు, లోపల పెడితే అరటి దుంప కుళ్లుతుంది. గులాబీ, చామంతి, కనకాంబరం ఈ దరిదాపుల్లో వద్దు. రాజమహేంద్రవరం దగ్గరివాళ్లు ఓసారి కడియం వెళ్తే పైవాటిలో చాలావరకు ఒకే రోజులో దొరుకుతాయి. మిగతావి కాలవ గట్టు మీద ఎవరో పెంచుకున్నవి అడిగి ఓ ముక్క తెచ్చుకోవడమే.

పొన్నగంటి కూర వేస్తే కూరకి వస్తుందా?

బ్రహ్మాండంగా వస్తుంది, బజారు కట్టలోంచి ముదురు కాడలు నాలుగు గుచ్చితే చాలు. తూటికూర కూడా అంతే. అయితే చెరువు గట్టు నుంచి పీక్కొచ్చి నాటే ముందు పూత చూడండి. అసలు పొన్నగంటికి చిన్న తెల్ల పూలు కాడకే అంటుకుని, ఆకు మొదట్లో ముద్దలా ఉంటాయి. పూబంతి పొడవాటి కాడ మీద నిలబడి, కాండం విరిస్తే లోపల గొట్టంలా బోలుగా ఉంటే అది ఎలిగేటర్ వీడ్, మురుగు చెరువుల నిండా కమ్మేసే పరదేశి కలుపు. పొన్నగంటి, తూటికూర నీళ్లలో ఉన్న సీసం లాంటి లోహాల్ని ఆకుల్లోకి లాగేస్తాయి, అందుకే పైన సబ్బు నీళ్లు, మురుగు నీళ్లు వద్దని అన్నిసార్లు చెప్పింది.

ఏవి అస్సలు తేవద్దు?

గుర్రపు డెక్క. పూవు ఎంత బాగున్నా సరే. లొట్టపీసు కూడా వద్దు, కాలవల వెంట గులాబీ పూలతో కనిపించేది, పశువులకి విషం. జమ్ము కావాలంటే బకెట్టులో నాటి బకెట్టుతో సహా పాతిపెట్టండి, దాని దుంప మొన సూదిలా పొడుచుకుని షీటు దాటి పోతుంది. మొగలి పెద్దిళ్లకి తప్ప పనికిరాదు, ముళ్లు, విస్తారం. ఎక్కువైన మొక్కల్ని ఊరి చెరువులోనో కాలవలోనో పడేయొద్దు, ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

పురుగులు తినే మొక్కలు పెంచొచ్చా?

అదే గుంటలో కుదరదు. వాటికి సారం లేని, ఉప్పు లేని మట్టి కావాలి, కంపోస్టు తగిలితే చస్తాయి. విడిగా చిన్న తొట్టిలో కడిగిన ఇసుక, కడిగిన కోకోపీట్ సగం సగం వేసి, వాన నీళ్లో ఏసీ నీళ్లో పోయండి. బోరు నీళ్లు ఒక్క నెల పోస్తే సరి, ఇక అంతే.

డ్రోసెరా మన నేల మొక్కే. ఆంధ్రప్రదేశ్‌లో వానలు పడ్డాక తడి ఇసుక నేలల్లో రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రంలా నేలకి అంటుకుని కనిపిస్తుంది. ఆకు వెంట్రుకల చివర జిగురు బొట్లు ఎండకి మెరుస్తుంటాయి, దోమ వాలితే ఆకు మెల్లగా ముడుచుకుంటుంది. అడవిలోంచి పీకొద్దు, పెంచి అమ్మేవాళ్ల దగ్గర విత్తనం తీసుకోండి.

వీనస్ ఫ్లైట్రాప్ ఆన్‌లైన్‌లో కొని పంపించేవాళ్లు ఉన్నారు. దానికి చలికాలపు నిద్ర కావాలి, హైదరాబాద్ డిసెంబరు దానికి చాలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా నార్త్ కరొలినా వాళ్లు, దాన్ని హాయిగా బయటే పెంచుకోవచ్చు, దాని పుట్టిల్లే అది. కానీ అక్కడ అడవిలోంచి తవ్వడం 2014 నుంచి పెద్ద నేరం, నర్సరీలోనే కొనండి.

మాది అపార్టుమెంటు. డాబా మీద చేయొచ్చా?

శ్లాబు మీద గుంటలాగా కట్టడం వద్దే వద్దు. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కేసి కడతారు. అడుగు మందం తడి మట్టి అదే చోట ఐదొందల కిలోల పైమాటే. బాల్కనీలో అరవై ఎనభై లీటర్ల టబ్బు ఒకటి, గోడవార, దూలం మీద పడేలా పెట్టుకోండి. అంచుకి మూడంగుళాల కింద పక్కన ఒక్క చిల్లు, అడుగున వద్దు. ఏసీ పైపు అందులోకి వదిలితే చాలు. చేమ ఒకటి, సరస్వతి ఆకు చుట్టూ. నల్ల టబ్బు ఎండకి కాగుతుంది, లేత రంగుది కొనండి.

కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది, ఏం చేయాలి?

గాలి ఆడట్లేదు, లేదా ఎరువు పచ్చిది. ఓ నాలుగు రోజులు నీళ్లు ఆపి, పలుగుతో అక్కడక్కడ అడుగుదాకా పొడిచి వదలండి. పోకపోతే పక్క చిల్లులు మూసుకుపోయాయని అర్థం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

తొలకరి. మృగశిర పడ్డాక ఒక మంచి వాన కురిస్తే నేల గడ్డపారకి లొంగుతుంది, నాటిన మొక్కకి నాలుగు నెలలు వానే నీళ్లు పెడుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి కాబట్టి సెప్టెంబరులో తవ్వుకోండి. మార్చి తర్వాత కొత్తగా వేయొద్దు.

ఏడాది పొడుగునా ఏం పని ఉంటుంది?

నీళ్లు చూడటం, ఎండిన ఆకులు తీయడం. తుంగ మొలకలు చిన్నప్పుడే పీకండి, గడ్డ తెగి లోపల ఉండిపోతే మళ్లీ వస్తుంది. ఎరువు ఏడాదికి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు చాలు, ఎక్కువేస్తే ఆకులే తప్ప పూలుండవు. రెండేళ్లకోసారి మే చివర్లో మెట్టతామర, చేమ, లిల్లీ దుబ్బులు లేపి సగం మళ్లీ నాటి సగం పక్కింటివాళ్లకి ఇచ్చేయండి. అలా లేపినప్పుడే పైపు మూత ఊడదీసి గట్టిగా నీళ్లు కొట్టండి, లోపల చేరిన బురదంతా బయటికి వస్తుంది.